వనజాక్షి గడప మీద దురాయి

మన పాళెం, జువ్వలదిన్నె దారి
మే 4

ఉషకు,

మీ వనజాక్షి పిన్నమ్మ రాసేది. పిన్నమ్మ ఫోను ఎందుకు ఎత్తడం లేదని మీ అమ్మను అడిగినావంట. ఎత్తకపోవడం కాదు, నీ నంబరే రాకుండా చేసి పెట్టినాను. ఫోన్లో అయితే నేను రెండు మాటలు అనేలోపల నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను మెత్తబడతాను. అనాల్సినవన్నీ కడుపులోనే ఉండిపోతాయి. అంగన్‌వాడీ పిల్లోళ్ళను ఇళ్ళకు పంపించేసి, వాళ్ళు బొమ్మలేసిన కాగితాల వెనకే రాస్తున్నాను. అటు తిప్పితే గాడిద బొమ్మ ఉంటుంది. నిన్ను అన్నట్టు కాదు, చేతికందిన కాగితం అది.

విషయానికొస్తాను. పోయిన సోమవారం పొద్దున పాళెంలోకి పోలీసు జీపు వచ్చింది. చేపల వేట నిషేధం రోజులు గదా, మగవాళ్ళంతా ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. జీపు నేరుగా పోయి చిన్నపోలయ్య తాత ముందు ఆగింది. తాతనూ, ఇంకో ఇద్దరు పెద్దలనూ ఎక్కమన్నారు. తాత ఇంటికి పోయి చొక్కా వేసుకుని వస్తానంటే, "స్టేషన్లో నీ చొక్కా ఎవరు చూస్తారు పెద్దాయనా" అన్నాడంట ఒక కానిస్టేబులు. కండువా కప్పుకుని ఎక్కినాడు. మనవలు, మునిమనవలు చూస్తుండగా ఎక్కినాడు.

ఆ తర్వాత ఇద్దరు ఆడ పోలీసులు నా ఇంటికొచ్చినారు. చెప్పులైనా విడవకుండా గడప దాటి లోపలికొచ్చేసినారు. నేను పిలవకుండా నా ఇంట్లోకి మనుషులు రావడం ఈ మూడేళ్ళలో అదే మొదలు. "భయపడబాకమ్మా, నిన్నెవరు వెలేసినారో చెప్పు, మేం చూసుకుంటాం" అన్నారు. నన్ను వెలెయ్యడమేందని అడిగినాను. హైదరాబాదు నుంచి అర్జీ వచ్చిందంట. అందులో నా పేరుందంట. పెద్దకాపు చిన్నపోలయ్య నా మీద దురాయి పెట్టి, పాళెమంతా నా గడప తొక్కకుండా చేసినాడని ఉందంట. పెద్దకాపు అంటే పాళెంలో తీర్పు చెప్పే మనిషని ఆ కానిస్టేబులమ్మకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె కులం పేరనుకుంది. దురాయి అంటే ఏందని అడిగింది. పెద్దకాపు నలుగురిలో ఒక మాట పెడితే పాళెమంతా దానికి కట్టుబడాల, అదే దురాయి అన్నాను. "అయితే నీ ఇంటికి ఎవరూ రాకూడదని పెట్టింది నిజమేగదా" అంది. నిజమే. ఎందుకు పెట్టినారో మాత్రం అడగలేదు. నేను చెప్పబోతే, భయంతో చెప్తున్నానని రాసుకున్నారు.

ఎందుకు పెట్టినారో నీకు తెలుసు. ఆ రోజుల్లో నువ్వు ఈ ఇంట్లోనే ఉన్నావు. మీ చిన్నాయన గంగులయ్య తుఫానుకు చిక్కి తిరిగిరాలేదు. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చినాయి, మనిషి రాలేదు. దినాలు గడిచిపోతున్నాయని ఆయన అక్క, మా అంకాలమ్మ వదిన, ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. పసుపు పూసి, పూలు పెట్టి, గాజులు పగలగొట్టి, బొట్టు తుడవాలని. మనిషి మొహం చూడకుండా గాజులు ఎట్టా తీసేదని నేను తలుపేసుకున్నాను. మళ్ళీ వచ్చినారు. ఆ పైన ఇంకో రోజు వచ్చి చేతులు పట్టుకున్నారు. అప్పుడు తాత వలలు ఆరేసే దిబ్బ మీద నిలబడి, "వనజాక్షి తనంతట తాను పిలవందే ఆ గడప ఎవరూ దాటకూడదు" అని దురాయి పెట్టినాడు. ఎన్నాళ్ళని అడగలేదు, అడగనీయలేదు. ఈరోజు నా చేతులకు గాజులున్నాయంటే ఆ మాట వల్లనే. నన్ను వెలెయ్యలేదు, నా చుట్టూ కంచె వేసినాడు.

ఆ అర్జీ మీద మీ ఆఫీసు పేరుందంట. ఏమీ తెలియనోళ్ళెవరో రాసుంటారు. లా చదివిన పిల్లలకు ఏడాదిపాటు జీతమిచ్చి పేదవాళ్ళ కేసులు నేర్పించే ఫెలోషిప్పంట, అంతమంది అడిగితే మన పిల్లకు ఇచ్చినారంట అని తాత బోగోలు సంత దాకా చెప్పుకున్నాడు. నువ్వు రాయలేదని ఒక్క ముక్క రాసి పంపు. తాతకు చదివి వినిపిస్తాను. ఆయన నాతో ఏమీ అనలేదు గాని, నీ పేరెత్తడం మానేసినాడు.

పిన్నమ్మ


హైదరాబాదు
మే 11

పిన్నమ్మకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. పాళెంలో జరిగినదానికి చాలా బాధపడుతున్నాను. పెద్దవాళ్ళను స్టేషనుకు తీసుకుపోతారని ఎవరూ అనుకోలేదు. మా సంస్థ తరఫున క్షమాపణ చెబుతున్నాను.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ఫెలోలు తమ ప్రాంతాల్లో చూసిన సమస్యలను చర్చకు పెట్టడం జరుగుతుంది. వాటిలో కొన్ని ఎంపిక చేయబడతాయి. మన పాళెం విషయం కూడా అలా గుర్తించబడి, అర్జీ రాయబడి, జిల్లా అధికారులకు పంపబడింది. రాసేటప్పుడు స్థానిక పరిస్థితి పూర్తిగా పరిశీలించబడలేదని ఇప్పుడు అర్థమవుతోంది. పైవాళ్ళతో మాట్లాడి సరిచేయడానికి ప్రయత్నిస్తాను.

తాతకు నా నమస్కారాలు చెప్పు. నువ్వు ఆరోగ్యం జాగ్రత్త. ఎండలు ఎక్కువగా ఉన్నాయి కదా, మధ్యాహ్నం పిల్లలను ఇళ్ళకు పంపేటప్పుడు గొడుగు తీసుకుపో. ఒక్కసారి నా నంబరు తెరువు పిన్నమ్మా. రెండు నిమిషాలు మాట్లాడతాను.

ఉష


మన పాళెం
మే 17

ఉషకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినాను. మొదటిసారి అర్థం కాలేదు, మిగతాసార్లు అర్థమై చదివినాను. గుర్తించబడింది, రాయబడింది, పంపబడింది. ఈ బడింది ఎవరే? మీ ఆఫీసులో కొత్తగా చేరిన మనిషా?

నా దగ్గర మూడేళ్ళ పిల్లోళ్ళు ఇరవైమంది ఉన్నారు. బొమ్మ విరగ్గొట్టినోడు ఎప్పుడూ "విరగ్గొట్టినాను టీచర్" అనడు. "విరిగిపోయింది టీచర్" అంటాడు. వాడి మొహం చూస్తే చాలు నాకు. నీ మొహం కనబడకపోయినా ఉత్తరంలో కనబడింది. గొడుగు సంగతి రాసినావు చూడు, అక్కడ మరీ బాగా కనబడింది.

ఇక్కడి సంగతులు విను. పెద్దలు ముగ్గురినీ ఆ సాయంత్రమే పంపించినారు. కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీ వెయ్యలేదు, అంతే. "ఇకమీదట మా పాళెంలో ఏ దురాయీ లేదు, పెట్టము" అని రాయించి సంతకాలు పెట్టించుకున్నారు. తాత సంతకం పెట్టి వచ్చి ఇంట్లో కూర్చున్నవాడు మళ్ళీ ఒడ్డుకు రాలేదు. పాళెంలో నిన్ను తిట్టేవాళ్ళు ఎవరూ లేరు. తిడితే బాగుండేది. మీ అమ్మ చేపల గంపెత్తుకుని కావలి బస్సు ఎక్కితే, పక్కన కూర్చునే ఆడవాళ్ళు ముందు సీట్లోకి పోయి కూర్చుంటున్నారు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. మొన్న అంకాలమ్మ వదిన వచ్చింది. గడప ముందర నిలబడి, "ఇప్పుడు దురాయి లేదంట గదా వనజా, పోలీసోళ్ళే తీసేసినారంట గదా" అంది.

"అవునంట వదినా" అన్నాను.

"మా తమ్ముడు ఇంకా ఆ నీళ్ళల్లోనే తిరగతా ఉండాడే. తడిబట్టలతో కలలోకి వస్తాడు. వానికి ఒక ముద్ద పెట్టలేదు, ఒక నీళ్ళచుక్క వదల్లేదు. నువ్వు పెళ్ళానివి, నీకు బాధుంది. నేను ఎత్తుకుని పెంచినదాన్ని, నాకు లేదా?"

ఆమె చెడ్డది కాదు. ఆయనకు అన్నం పెట్టింది, ఈత నేర్పింది ఆమే. ఒక కాలు గడప మీద పెట్టి, మళ్ళీ తీసేసింది. పాత అలవాటు ఇంకా పోలేదు. "నిషేధం తీరి పడవలు సముద్రంలోకి దిగే లోపల ఈ కార్యం అయిపోవాల. కర్మ మిగిలిన ఇల్లు పెట్టుకుని వేటకు పోవాలంటే అందరికీ బెదురుగా ఉండాది" అని చెప్పి పోయింది.

అంటే జూన్ మధ్యకు నా గాజులకు గడువు పెట్టినారు. నన్ను కాపాడడానికని వచ్చిన మీ అర్జీ వల్ల నాకు మిగిలింది ఇది.

ఇప్పుడు నేరుగా అడుగుతున్నాను. ఆ అర్జీ రాసింది ఎవరు? బడింది అని రాస్తే ఈసారి చదవను.

పిన్నమ్మ


హైదరాబాదు
మే 25

పిన్నమ్మా,

నేనే రాశాను.

ఈ ఒక్క మాట రాసి పోస్టు చేద్దామని రెండుసార్లు కవరు అంటించాను. మిగతాది కూడా చెప్పకపోతే మళ్ళీ అదే తప్పు చేసినట్టవుతుందని చించేశాను.

ఫెలోషిప్ ఇంటర్వ్యూ రోజు నాతో పాటు ఎవరెవరు వచ్చారో నీకు చెప్పలేదు. ఒకమ్మాయి ఢిల్లీలో పెద్ద లాయరు దగ్గర పనిచేసి వచ్చింది. ఒకబ్బాయి వాళ్ళ నాన్న జడ్జి. వాళ్ళు ఒకరితో ఒకరు ఇంగ్లీషులో జోకులు వేసుకుంటున్నారు. నా దగ్గర ఉన్నది కావలి నుంచి బస్సులో బట్టీపట్టుకుంటూ వచ్చిన ఇంగ్లీషు. లోపల ముగ్గురు కూర్చున్నారు. మొదట అడిగిన రెండు ప్రశ్నలకు నేను చెప్పింది వాళ్ళకు అర్థం కాలేదు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ జాలిగా నవ్వి, "పుస్తకాల సంగతి వదిలెయ్. నువ్వు కళ్ళారా చూసిన అన్యాయం ఒకటి చెప్పు" అంది.

నేను ఏం చూశాను పిన్నమ్మా? మనకు జరిగినవి చాలా ఉన్నాయి. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు మన బావిలోకి రావడం ఉంది. అది చెబుదామంటే ఇంగ్లీషు మాటలు దొరకలేదు. నోటికి దొరికింది ఇదీ: "మా పిన్నమ్మ భర్త సముద్రంలో పోయాడు. మూడేళ్ళుగా ఆమె ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టలేదు. ఊరి పెద్దలు ఆజ్ఞ వేశారు."

ముగ్గురూ రాసుకోవడం మొదలుపెట్టారు. అంతసేపూ నన్ను చూడని ఆయన కూడా తల ఎత్తి చూశాడు. నా మాటకు అంత బరువు ఉండడం నాకు అదే మొదటిసారి. "వెలివేతా?" అని అడిగింది ఆవిడ. అవునండీ అన్నాను. ఆ తర్వాత చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉంది. 'ఆమె గాజులు కాపాడడానికి' అనే ఒక్క మాట. అది చెబితే వాళ్ళ కలాలు ఆగిపోతాయని నాకు తెలిసింది. తెలిసే మింగేశాను.

ఎవరూ అడుగుపెట్టలేదన్నానే, సెలవులకు వచ్చిన ప్రతిసారీ నువ్వు వాకిట్లోంచే "ఉషా, లోపలికి రా" అని కేకేసేదానివి. నీ ఇంట్లోనే తిన్నాను, నీ మంచం మీదే పడుకుని పరీక్షలకు చదివాను. ఆ తిండి తిన్న నోటితో అన్నాను.

ఫెలోషిప్ వచ్చింది. మొదటి నెలలోనే, "మీ పిన్నమ్మ విషయం నువ్వే చేపట్టు" అన్నారు. అప్పుడైనా చెప్పచ్చు. చెబితే ఇంటర్వ్యూలో అబద్ధమాడినట్టు తేలుతుంది. కాబట్టి అర్జీ నేనే రాశాను, చిన్నపోలయ్య తాత పేరు కూడా నా చేత్తోనే రాశాను. అధికారులు దాన్ని ఏ మూలనో పడేస్తారులే అనుకున్నాను. మన అర్జీలను ఎవరు పట్టించుకుంటారని ధైర్యం. పట్టించుకున్నారు.

నాకు సిగ్గుగా ఉంది. అద్దంలో చూసుకోలేనంత సిగ్గు అని పుస్తకాల్లో రాస్తారు. నేను చూసుకుంటూనే ఉన్నాను, తల దువ్వుకుంటూనే ఉన్నాను, ఆఫీసుకు పోతూనే ఉన్నాను. అదే ఇంకా సిగ్గుగా ఉంది.

కానీ ఒక దారి ఉంది పిన్నమ్మా. మనిషి కనబడకుండా పోతే ఏడేళ్ళు గడిచేదాకా చట్టం అతన్ని చనిపోయినవాడిగా లెక్కవేయదు. అంటే చట్టం దృష్టిలో నువ్వు ముత్తైదువవే. ఆ సంగతి రాసి ఇంకో అర్జీ పెడతాను. అంకాలమ్మత్త నీ ఇంటి జోలికి రాకుండా పోలీసుల చేత చెప్పిస్తాను. ఇక్కడ ఇప్పుడే ఏమీ చెప్పొద్దు, ఈ ఏడాది గడవనీ. నన్ను క్షమించు.

నీ ఉష


మన పాళెం
మే 31

ఉషా,

క్షమించే తీరిక నాకు ఇప్పుడు లేదు.

ఇంకో జీపు పంపించబాక. అంకాలమ్మ నాకు శత్రువు కాదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి. ఆమెను స్టేషన్లో నిలబెట్టి నా గాజులు నిలబెట్టుకుంటే ఆ చేతులతో నేను అన్నం ఎట్టా తినేది?

నీ ఏడేళ్ళు నీ దగ్గరే పెట్టుకో. తాత నన్ను ఎన్నేళ్ళని అడగలేదు.

చేతనైతే ఒక్క పని చెయ్యి. అక్కడ మింగిన మాట అక్కడ చెప్పు. ఆ తర్వాత ఇక్కడికొచ్చి, కూటంలో నిలబడి, నువ్వు అక్కడ ఏం చెప్పినావో అందరి ముందర చెప్పు. మన పాళెంలో తప్పు మాట్లాడినోళ్ళు ఎవరైనా అదే చేస్తారు. నువ్వు చిన్నప్పుడు తాత ఒళ్ళో కూర్చుని చూసినావు గదా. లా చదివినోళ్ళకు వేరే పద్ధతి లేదు.

చెయ్యలేకపోతే ఉత్తరం కూడా రాయబాక.

వనజాక్షి


హైదరాబాదు
జూన్ 6

పిన్నమ్మా,

చెప్పాను.

తిడతారనుకున్నాను. ఆ పెద్దావిడ నాకు టీ తెప్పించింది. అంతా విని, "ఇది ఇంకా ఆసక్తికరమైన సంగతి" అంది. ఆచారంలో రక్షణ కూడా ఉంటుందని ఒక వ్యాసం రాయమంది. ఫెలోషిప్‌కు ఏమీ ఇబ్బంది లేదంది, అర్జీ మాత్రం అలాగే ఉండనీ, వెనక్కి తీసుకుంటే సంస్థ పరువు పోతుందంది. ఆ టీ సగం తాగాను పిన్నమ్మా. ఒక్క క్షణం నాకు ఊరటగా కూడా అనిపించింది. అది కూడా నీకు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వ్యాసం రాస్తే నీ గాజులతో రెండోసారి పేరు తెచ్చుకున్నట్టవుతుంది. వెనక్కి పోయి ఫెలోషిప్ వద్దని రాసిచ్చాను. నెల్లూరుకు పోయి అర్జీ అందుకున్న అధికారిని కలిశాను. అర్జీలో ఉన్నది సగం మాట, మిగతా సగం దాచింది నేనే, పెద్దల తప్పేమీ లేదని వాంగ్మూలం ఇచ్చాను. ఆయన "లా చదువుకున్నావా అమ్మా" అని అడిగాడు. చదువుకున్నానండీ అన్నాను. పెద్దల చేత పెట్టించుకున్న సంతకాలు ఇక చెల్లవని కాగితం ఇచ్చాడు.

ఆ కాగితం తీసుకుని తొమ్మిదో తేదీ వస్తున్నాను. కూటం పెట్టించమని తాతను అడుగు. అమ్మకు చెప్పలేదు, నువ్వే చెప్పు. రైలు స్టేషనుకు ఎవరినీ పంపొద్దు. నడిచి వస్తాను.

ఉష


కావలి
జూన్ 11

పిన్నమ్మా,

కావలిలో సుకుమార్ గారని ఒక లాయరు ఉన్నారు. ఆయన దగ్గర జూనియరుగా చేర్చుకుంటానన్నారు. కోర్టు వెనక వీధిలో గది తీసుకున్నాను. అక్కడి నుంచే రాస్తున్నాను.

కూటంలో నువ్వు ఆడవాళ్ళ వెనకాల ఉన్నావు. నా మొహం నీకు కనిపించిందో లేదో. నాకైతే ఎవరి మొహమూ కనిపించలేదు, అందరి కాళ్ళే కనిపించాయి. చెప్పడం మొదలుపెట్టినప్పుడు తెలుగులోనే చెప్పాను, కానీ ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చేసరికి మధ్యలో ఆపేశాను. వెనక నుంచి ఎవరో దగ్గారు. నువ్వేననుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

తాత ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అంతా విన్నాడు. "నేను వెలేసినానన్నావా అమ్మా?" అని అడిగాడు. అవును తాతా అన్నాను. "ఇంగ్లీషులో అన్నావా, తెలుగులోనా?" అన్నాడు. ఇంగ్లీషులో అన్నాను. "అదీ. తెలుగులో అనలేకపోయుంటావులే" అన్నాడు. ఆయన నన్ను వెనకేసుకొచ్చాడు. అందరి ముందర చెంప మీద కొట్టినా నాకు అంత తగిలేది కాదు.

అధికారి ఇచ్చిన కాగితం చూపించి, మళ్ళీ దురాయి పెట్టు తాతా అని అడిగాను. ఆయన కాగితం ముట్టుకోలేదు. "వాళ్ళు చెల్లదన్నా నేను పెట్టిన సంతకం నాది. దురాయి పెట్టనని మాట ఇచ్చినాను. ఒక మాట తప్పిన నోటితో ఇంకో మాట పెడితే ఎవడు వింటాడమ్మా" అన్నాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. కూటం లేచింది.

ఆ తర్వాత మీ ఇంటికి వచ్చాను. తలుపు తెరిచే ఉంది. నువ్వు లోపల ఉన్నావు, గాజుల చప్పుడు వినబడింది. ఇప్పుడు ఆ గడప ఎవరైనా దాటచ్చు, అడ్డుచెప్పే మాట లేదు. నేను దాటలేకపోయాను. నువ్వు పిలుస్తావేమోనని నిలబడ్డాను. పొయ్యి మీద ఏదో మాడిన వాసన వచ్చింది, నువ్వు లేచి దించావు, మళ్ళీ కూర్చున్నావు. దీపాలు పెట్టేవేళ దాకా ఉండి వచ్చేశాను.

ఇంకో మూడు రోజుల్లో నిషేధం తీరిపోతుంది. అంకాలమ్మత్త వస్తే నాకు కబురు చెయ్యి. వచ్చి గడప ముందర కూర్చుంటాను. అంతకన్నా నా చేతిలో ఏమీ లేదు.

ఉష


మన పాళెం
జూన్ 20

ఉషకు,

నీ ఉత్తరం వచ్చేసరికే అంతా అయిపోయింది. పడవలు దిగినాయి. పచ్చి రొయ్యలు బాగా పడుతున్నాయంట. మీ అమ్మ పక్కన బస్సులో మళ్ళీ కూర్చుంటున్నారు. నువ్వు కూటంలో నిలబడింది అందుకైనా పనికొచ్చింది.

అంకాలమ్మ వదినను నేనే పిలిచినాను.

నువ్వు వచ్చిపోయిన రాత్రంతా ఆలోచించినాను. ఆమె ఎట్టాగూ వస్తుంది. పదిమంది ఆడవాళ్ళతో వస్తుంది. దాటకూడదనే మాట లేదు గాబట్టి దాటుతుంది. దాటితే మూడేళ్ళు తాత నిలబెట్టిన మాట నా కళ్ళముందర మట్టిలో కలిసిపోతుంది. నేను పిలవందే ఎవరూ దాటకూడదన్నాడు గదా ఆయన. అయితే నేనే పిలుస్తాను అనుకున్నాను. పన్నెండో తేదీ పొద్దున ఆమె ఇంటి ముందరికి పోయి నిలబడి, "వదినా, మా ఇంటికి రా" అన్నాను. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా విన్నారు. ఒక్కదాన్నే పిలిచినాను గాబట్టి ఒక్కతే వచ్చింది.

నా తల దువ్వింది, పసుపు పూసింది, పూలు పెట్టింది. రాయి చేతిలోకి తీసుకుంది. మూడేళ్ళు దానికోసమే తిరిగిన మనిషి, చెయ్యి ఎత్తలేకపోయింది. "నా వల్ల కాదే వనజా" అని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను ఏడవలేదు. సబ్బునీళ్ళు పెట్టుకుని ఒక్కొక్కటీ నేనే తీసినాను. పగలగొట్టలేదు.

ఆయన చచ్చిపోయినాడని నమ్మినానా అంటే నమ్మలేదు. అది అంకాలమ్మకు కూడా చెప్పినాను. సాయంత్రం ఒడ్డుకు పోయి ఇద్దరం నీళ్ళు వదిలినాం. తాత దూరంగా నిలబడి చూసినాడు. ఆయన ఒడ్డుకు రావడం జీపు వచ్చిన రోజు తర్వాత అదే మొదలు. నా చేతుల వంక చూసి, "నువ్వే పిలిచినావా అమ్మా?" అని అడిగినాడు. "నేనే పిలిచినాను తాతా" అన్నాను. తల ఊపి పోయినాడు.

నీ మీద కోపం ఉందా అంటే, చేతులు కడుక్కునేటప్పుడల్లా ఉంటుంది. చప్పుడు లేకపోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు. బొట్టు లేని మొహంతో పోతే అంగన్‌వాడీలో ఒక పిల్ల నన్ను గుర్తుపట్టక ఏడ్చింది. అవన్నీ నీకు రాయకుండా ఉండచ్చు. సగం రాసి సగం దాచడం వల్లనే గదా ఇంత జరిగింది, అందుకని రాస్తున్నాను.

ఆ సాయంత్రం నువ్వు గడప బయట నిలబడినంతసేపూ లోపల మంచం మీద కూర్చుని నిన్నే చూస్తున్నాను. ఎప్పుడూ కేకేసి పిలిచేదాన్నే, పేరు నోటిదాకా వచ్చింది. రాలేదు. ఎంత లాగినా రాలేదు. ఎవరు దాటినా అడిగే దిక్కులేని రోజున నువ్వొక్కదానివే దాటకుండా నిలబడినావు. అది కూడా చూసినాను.

అంకాలమ్మను పిలిచినాను. నిన్ను ఇంకా పిలవలేదు. నేను పిలిచినప్పుడు వద్దువు గాని. అప్పటిదాకా ఉత్తరాలు రాయి.

పిన్నమ్మ